ఇంట్లో బైక్‌కి పెయింట్: ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ అలవాటుతో ఇప్పటి టూకే (2K, అంటే రెండు భాగాలు కలిపి వాడే) పెయింట్ మొదలుపెట్టే వాళ్ళకి దెబ్బ పడేది దాదాపు ఒకేచోట. పాతది థిన్నర్ ఎగిరిపోతే ఆరేది, మళ్ళీ థిన్నర్ తగిలితే కరిగేది. టూకే మాత్రం హార్డెనర్‌తో (గట్టిపరిచే రెండో భాగంతో) రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, గట్టిపడ్డాక థిన్నర్‌కి అంత తేలిగ్గా లొంగదు. కింద చెప్పే తంటాల్లో సగానికి పైగా స్ప్రే గన్ పట్టిన చేతి వల్ల కాదు, ఈ తేడా పట్టించుకోక, పెయింట్ కంపెనీ ఇచ్చే డేటా షీట్ (కలిపే పాళ్ళు, ఆరే సమయాలు రాసిన కాగితం) చదవక వచ్చేవే.

రెండు రోజులైనా వేలిముద్ర పడుతోంది

ముందు హార్డెనర్‌ని అనుమానించండి. షీట్‌లో 2:1 (పెయింట్ రెండు పాళ్ళకి హార్డెనర్ ఒక పాలు) అని ఉంటే కొలతల కప్పుతో 2:1 కలపాలి, కంటి అంచనా పనికిరాదు. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఆరడం సంగతి అటుంచి పెయింటే పాడవుతుంది. మూత సరిగా పెట్టని హార్డెనర్ గాలిలో తేమ పీల్చుకుని చెడిపోతుంది, మసకగానో పలుకులు కట్టినట్టో కనిపిస్తే పారేయండి. షీట్‌లో ఇచ్చే సమయాలు ఎక్కువగా 20 డిగ్రీలకి లెక్కగట్టినవి, చలిలో ఇంకా పడుతుంది. పార్టుని వెచ్చటి చోట కొన్ని రోజులు ఉంచి చూడండి, అప్పటికీ మెత్తగానే ఉంటే గీకేయడమే, పైన ఇంకో కోటు వేసి కప్పేద్దామనుకోవద్దు.

వేసిన వెంటనే ముడతలు పడింది

కొత్త పెయింట్‌లోని ఘాటు థిన్నర్ కింద ఉన్న పాత పొరని ఉబ్బించింది. కింద ఏముందో ముందే తెలుసుకోవచ్చు: కనబడని మూల గుడ్డతో ఎన్‌సీ థిన్నర్ రుద్దండి, రంగు గుడ్డకి అంటితే ఆ పొర కరిగే రకం. దాన్ని పూర్తిగా తీసేయడం మేలు, కుదరకపోతే ముందు ఎపాక్సీ ప్రైమర్ పల్చగా కొట్టి అడ్డుపొర వేయండి. స్ప్రే డబ్బాల ఎనామిల్‌తో ఇంకో చిక్కు ఉంది. చాలా రకాలకి రెండో కోటు గంటలోపే వేయాలి, లేదా ఒకట్రెండు రోజులు ఆగి వేయాలి, మధ్యలో వేస్తే ముడతలే. ముడత పడ్డాక ఏం చేసినా సర్దుకోదు, బాగా ఆరనిచ్చి అక్కడి వరకు అరగదీసి మళ్ళీ మొదలుపెట్టండి.

చిన్న చిన్న గుంటలు, మధ్యలో అడుగు కనిపిస్తోంది

ఇవే ఫిష్ ఐలు. కారణం సిలికాన్ లేదా నూనె: పాలిష్, చైన్ లూబ్, కంప్రెసర్ నుంచి వచ్చే ఆయిల్. అరగదీశాక తుడుస్తారు చాలామంది, అప్పటికే సిలికాన్ అరగదీసిన గీతల్లోకి దిగిపోయి ఉంటుంది. గ్రీజ్ రిమూవర్‌తో ముందు తుడిచి, తర్వాత ఎమెరీ పేపర్ కొట్టి, మళ్ళీ తుడవండి. ఒక గుడ్డతో రాసి, ఆరకముందే పొడిగుడ్డతో ఎత్తేయాలి. కంప్రెసర్ లైన్‌లో ఫిల్టర్ తప్పనిసరి.

నారింజ తొక్కలా గరుకుగా వస్తే పెయింట్ చిక్కగా ఉందనో, గన్ దూరంగా పట్టారనో అర్థం. కారితే దగ్గరగా పట్టారు, లేదా ఒకేసారి ఎక్కువ కొట్టారు. క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పొర) పూర్తిగా గట్టిపడ్డాక 1500, 2000 నంబర్ వాటర్ పేపర్, ఆపై కాంపౌండ్ కొడితే ఈ రెండూ పోతాయి, అంచుల దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ పొర పల్చగా ఉంటుంది. సూదిమొనంత పొక్కులైతే వేరే కథ. కింది కోటులో థిన్నర్ ఎగరకముందే పై కోటు వేశారు, లేదా తొందరపడి హీట్ గన్ పెట్టారు.

ట్యాంక్ మూత చుట్టూ క్లియర్ మెత్తబడి లేస్తోంది

హార్డెనర్ లేని మామూలు స్ప్రే డబ్బా క్లియర్ పెట్రోల్‌కి ఆగదు. అది తీసేసి టూకే క్లియర్ వేయాల్సిందే. ఆ పని మొదలుపెట్టే ముందు ట్యాంక్ ఖాళీ చేసి కడిగి, ఆవిరి కూడా లేకుండా చూసుకోండి, ఖాళీ ట్యాంక్‌లో మిగిలిన ఆవిరే నిండు ట్యాంక్ కన్నా ప్రమాదం.

ప్లాస్టిక్ ప్యానెల్ మీద పొరలు పొరలుగా ఊడితే వెనక అచ్చు చూడండి. పీపీ (పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్) అని ఉంటే ముందు అడెషన్ ప్రమోటర్ (పెయింట్ అంటుకోవడానికి వేసేది) కొట్టకుండా ఏ పెయింటూ నిలవదు.

కొడుతుంటే దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంది

వెంటనే ఆపి బయటికి రండి, ఊపిరి ఆడకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టూకే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటివల్ల ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక కొంచెం తగిలినా తిరగబెడుతుంది. వాసన రావట్లేదు కాబట్టి మాస్క్ పనిచేస్తోందనుకోవద్దు, ఈ విషం వాసనతో పట్టుబడదు. సరైన రక్షణ బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్, అది ఇంట్లో ఎవరికుంటుంది? అందుకే నేను చెప్పేది, పుట్టీ, అరగదీత, హార్డెనర్ అక్కర్లేని రంగు వరకు మీరు చేసుకుని క్లియర్ మాత్రం స్ప్రే బూత్ (పెయింట్ కొట్టే ప్రత్యేక గది) ఉన్న వాళ్ళకి వదిలేయండి. రంగు మీద క్లియర్ ఎన్ని గంటల్లోపు పడాలో రంగు డేటా షీట్‌లోనే ఉంటుంది కాబట్టి, రంగు కొట్టకముందే వాళ్ళతో టైం మాట్లాడుకోండి.