బాల్యపు కష్టాల ప్రభావం నుంచి యవ్వనంలో ఆరోగ్యాన్ని కాపాడుకోవడం ఎలా?

చిన్నతనంలో దెబ్బలు, అవమానాలు, నిరాదరణ, ఇంట్లో తాగుడు, తల్లిదండ్రుల మధ్య హింస చవిచూసినవారికి ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో నిద్రలేమి, తరచూ తలనొప్పి, దిగులు, వదలని పొగ అలవాటు ఎదురైనప్పుడు, వాటికీ బాల్యానికీ సంబంధం ఉండవచ్చన్న ఆలోచనే చాలామందికి రాదు. తమ బలహీనతే దీనికి కారణమని తమను తామే నిందించుకుంటారు. ముందుగా మానుకోవలసింది ఈ నిందనే.

అపాయం ఎదురైతే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం, రక్తపోటు పెరిగి, అపాయం తీరగానే తగ్గుతాయి. భయం ఇంట్లోనే కాపురం ఉంటే ఆ తగ్గడం సరిగా జరగదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని బాల్యం నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనంలో, చిన్నప్పుడు హింసకు గురైనవారి రక్తంలో 32 ఏళ్ల వయసులో ఇన్‌ఫ్లమేషన్‌ను (శరీరం లోపలి వాపును) సూచించే సి-రియాక్టివ్ ప్రొటీన్ ఎక్కువగా ఉండే అవకాశం అధికమని తేలింది. అంతకుముందు 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం, నాలుగు లేదా అంతకు మించిన రకాల కష్టాలు అనుభవించినవారికి మద్యం వ్యసనం, మాదకద్రవ్యాల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు, ఏవీ అనుభవించనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ.

అయితే ఇవి జనసమూహాలకు సంబంధించిన లెక్కలు. అనుభవించిన కష్టాల రకాలను ప్రశ్నావళితో లెక్కపెట్టగా వచ్చే అంకెను స్కోరు అంటారు. ఒక వ్యక్తికి రేపు ఏ జబ్బు వస్తుందో ఆ స్కోరు చెప్పజాలదు. దాన్ని అలా వాడరాదని ఆండానే 2020లో హెచ్చరించారు. కాబట్టి ప్రశ్నావళి నింపి, వచ్చిన అంకె చూసి బెంబేలెత్తకండి. దానికి బదులు కొన్ని వారాలపాటు మీ శరీరాన్ని గమనించి రాసుకోండి: ఎవరైనా గొంతు పెంచితే భుజాలు బిగుసుకుంటున్నాయా, తలుపు చప్పుడుకే మెలకువ వస్తోందా, ఏ ఘడియలో సిగరెట్ మీదికి మనసు పోతోంది? డాక్టరుకు అంకె కంటే ఈ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

డాక్టరుకు కథంతా చెప్పనక్కరలేదు. “చిన్నప్పుడు మా ఇంట్లో హింస ఉండేదండీ. వివరాలు ఇప్పుడు చెప్పలేను. పరీక్ష చేసేటప్పుడు తాకే ముందు ఒక మాట చెప్పండి. నా నిద్ర, దిగులు గురించి మాట్లాడాలి” అంటే చాలు. వయసు చిన్నదే కదా అని వదిలేయకుండా బీపీ చూపించుకోండి. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎప్పుడు అవసరమో అడగండి.

అలవాట్లలో మొదట నిద్రను సరిచేసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే నిద్ర చాలనివారికి కోపాన్నీ, తాగాలన్న కోరికనూ అదుపు చేసుకోవడం మరింత కష్టం. రోజూ ఒకే వేళకు లేవడంతో మొదలుపెట్టవచ్చు. పొగ, మద్యం మీకు ఇన్నాళ్లూ ఏ బాధను మరిపిస్తున్నాయో గుర్తించకుండా వాటిని వదిలించుకోవడం కష్టం. రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానడం ప్రమాదకరం.

పీడకలలు, ఉన్నట్టుండి కళ్లముందుకొచ్చే జ్ఞాపకాలు వేధిస్తుంటే, మానసిక గాయాన్ని ప్రధానంగా తీసుకునే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స) గానీ, ఈఎండీఆర్‌లో (చేదు జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) గానీ శిక్షణ పొందిన నిపుణులను వెతకండి. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సూచించింది. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, నమ్మినవారిని వెంటబెట్టుకుని అత్యవసర విభాగానికి వెళ్లండి.

మొదటి సమావేశంలోనే గతమంతా తవ్వమని ఒత్తిడి చేసే కౌన్సెలర్ దగ్గర ఉండిపోనవసరం లేదు. ఏ వేగంతో సాగాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించే హక్కు మీదేనని ముందే చెప్పండి. దాన్ని గౌరవించకపోతే మరొకరిని చూసుకోండి.