పాత బుల్లెట్ ఇగ్నిషన్ మార్చే ముందు జాగ్రత్తలు

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ కొనే ముందు, నల్లబడిన పాయింట్లను (నిప్పురవ్వ పుట్టడానికి కరెంటును కలిపి తెంచే లోహపు ముక్కలను) శుభ్రం చేసి, వాటి మధ్య సందు కొలిచే రేకుల ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల సందు పెట్టి చూడండి. చాలాసార్లు నిప్పురవ్వ లోపం అక్కడే తీరుతుంది. తీరకపోతే, సరిపోయే కిట్ కొనడానికి బండి 6 వోల్టులదో 12 వోల్టులదో నిర్ధారించుకోండి.

ఇంజను చల్లారాక పెట్రోల్ కాక్ కట్టేసి, బ్యాటరీ ఎర్త్ తీగ విప్పాలి. పాయింట్ల ప్లేటును కదిపే ముందు దాని అంచు నుంచి అది కూర్చున్న లోహపు కేసు మీదికి సూదితో సన్నని గీత గీయండి. ఆ గీత గీయక నేనొకసారి టైమింగ్ (నిప్పురవ్వ పుట్టాల్సిన క్షణం) తప్పేలా చేసుకున్నాను. ఎదురుతన్నిన కిక్ రాడ్ దెబ్బకు చీలమండ వాచిపోయింది.

నిప్పురవ్వను పరీక్షించేటప్పుడు ప్లగ్గును చేత్తో పట్టుకోకుండా ఇంజను లోహానికి ఆనించి, పెట్రోల్ ఆవిరి వచ్చే ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉంచాలి. విప్పిన పాయింట్లనూ, అవి కాలిపోకుండా కాపాడే చిన్న భాగమైన కండెన్సర్‌నూ పారేయకండి.