ఏబీఎస్ బండి అసలు మైలేజీ ఇలా చూసుకోండి

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు) ఉంటే బండి పెట్రోలు ఎక్కువ తాగుతుందని కొందరు అంటుంటారు. చక్రం లాక్ అవబోయే క్షణంలోనే అది పనిచేస్తుంది, మైలేజీతో దానికి సంబంధం లేదు. కన్సోల్ (బండి మీటరు డిస్‌ప్లే) చూపించే మైలేజీ అంకెను మాత్రం పూర్తిగా నమ్మకండి. ట్యాంకు ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు వెళ్లొచ్చాక అదే బంకులో, అదే మట్టం దాకా కొట్టించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. రానూపోనూ కలిపే చూడాలి, హైవే మీద ఎదురుగాలి ఒకవైపే తగులుతుంది కదా. ఊళ్లో ట్రంకు రోడ్డు ట్రాఫిక్ లెక్క వేరు, రెండూ కలపొద్దు.

ఉన్నట్టుండి మైలేజీ పడిపోతే ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. బిగుతుగా తిరిగితే బ్రేకో, చైనో పట్టేస్తున్నట్టే.