తుపాన్లకు ముందే డిస్కులు చదివించి చూడండి

అక్టోబరు దగ్గరపడుతోందంటే విశాఖలో కొవ్వొత్తులు, పవర్ బ్యాంకులు సిద్ధం చేసుకోవడం మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటు లేకుండా రోజులు గడిపిన ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ సర్దుళ్లలోనే దస్తావేజుల స్కాన్లు, పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు డీవీడీకి ఎక్కించి బీరువా పై అరలో దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచి అలవాటే. కాకపోతే బర్నింగ్ పూర్తయిందన్న మెసేజ్ రాగానే డిస్కు కవర్లో పెట్టేస్తారు. రాయడం అయిపోయిందనే ఆ మెసేజ్‌కి అర్థం. రాసింది మళ్లీ చదవొచ్చో లేదో అది చెప్పదు.

ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయిగా అంటారు. పేర్ల జాబితా ఉండేది ఒక మూల, అసలు డేటా ఉండేది డిస్కంతా. రాత లోపలి నుంచి అంచు వైపు సాగుతుంది, తేడాలు ఎక్కువగా వచ్చేది ఆ అంచు దగ్గరే. అందుకే డిస్కుని గొంతుదాకా నింపొద్దు. 4.7 జీబీ అని ముద్రించిన డీవీడీ విండోస్ లెక్కలో 4.38 జీబీ లోపే పడుతుంది.

బర్న్ చేసేటప్పుడే, రాసింది మళ్లీ చదివి సరిచూసే వెరిఫై ఆప్షన్‌కి టిక్ పెట్టండి. పని ఆలస్యమవుతుంది, కానివ్వండి. ముసురు పట్టిన రోజు యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద మాత్రం మొదలుపెట్టకండి. ఒక్కసారే రాసే డిస్కు మీద మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు దాదాపు దండగే.

వెరిఫై అయ్యాక డిస్కు బయటికి తీసి మళ్లీ పెట్టి చూడండి. లేకపోతే కంప్యూటర్ ఒక్కోసారి తన మెమరీలో ఉన్నదాన్నే చూపించి మభ్యపెడుతుంది. ఆ తర్వాత వేరే డ్రైవ్‌లో, పక్కింటివాళ్లదైనా సరే, మొత్తం ఫైళ్లు ఒక ఫోల్డర్లోకి కాపీ చేయండి. రాసిన డ్రైవ్ తన రాత తాను చదువుకుంటే గొప్పేం కాదు. కాపీ మధ్యలో వేగం పడిపోయి డ్రైవ్ గుర్రుగుర్రుమంటూ తడుముకుంటుంటే, ఫైలు చివరికి వచ్చినా సరే, ఆ డిస్కుని నమ్మకండి. డ్రైవ్ తప్పుల్ని దిద్దుకుంటూ నెట్టుకొస్తోందన్నమాట.

అక్షరం తేడా లేకుండా వచ్చిందా అన్నది తేల్చేది చెక్‌సమ్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి వరస. షా-256 పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 అక్షరాల వరసగా కుదిస్తుంది; ఒక్క బిట్ మారినా వరస మారిపోతుంది. బర్న్ చేసే ముందే హార్డ్ డిస్కులోని ఫైళ్లకు ఈ వరసలు తీసి, ఆ జాబితాను డిస్కులోనూ ఫోన్లోనూ ఉంచండి. తర్వాత డిస్కులోని ఫైళ్లకు తీసి పోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ (certutil) కమాండ్ ఈ పని చేస్తుంది. పోలిక కంటితో వద్దు, మొదటి నాలుగు అక్షరాలు కలిస్తే కన్ను సరేననేస్తుంది.

అయితే అసలు ఫైలే చెడి ఉంటే చెక్‌సమ్ ఆ చెడునే ధ్రువీకరిస్తుంది. ఫోన్ నుంచి సగమే కాపీ అయిన ఫొటో కింది సగం బూడిద రంగులో ఉన్నా లెక్క సరిపోతుంది. ముఖ్యమైనవాటిని బర్న్ చేసే ముందే తెరిచి చూడండి. ఫైళ్లకు తెలుగు పేర్లుంటే డిస్కు ఫార్మాట్‌గా యూడీఎఫ్ లేదా జోలియట్ ఎంచుకోండి, లేకపోతే పేర్లు ప్రశ్నార్థకాలవుతాయి.

సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో డిస్కులు పెట్టకండి. తేమకు బూజు పడుతుంది, ఎండకు డేటా రాసే రంగు పొర చెడుతుంది, రెండూ డిస్కుకి చేటే. సీడీ అయితే పేరు రాసే వైపే సున్నితం: మెరుపు పొర ఆ పల్చటి పూత కిందే ఉంటుంది. బాల్‌పెన్ను వాడొద్దు, మెత్తటి మార్కర్‌తో నడిమి రంధ్రం చుట్టూ రాయండి. మరక పడితే మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా కాదు.

పాత డిస్కులన్నీ సెప్టెంబరులోనే ఒకసారి చదివించండి. మొరాయించిన డిస్కు నుంచి వచ్చినంత వరకు తీసి, కొత్తది రాసి, అది వేరే డ్రైవ్‌లో గట్టెక్కేదాకా హార్డ్ డిస్కులో ఉన్నవి చెరపకండి. రెండో కాపీ భీమిలిలో మేనమామగారింట్లో పెడితే అక్కడికీ అదే తుపాను వస్తుంది. హైదరాబాద్‌లో ఎవరైనా ఉంటే వాళ్లకివ్వండి.