సెకండ్ హ్యాండ్ కారు ప్రకటన చదివి ఓనర్‌ను అంచనా వేయడం: సమస్య - పరిష్కారం

నేరుగా ఓనర్ దగ్గరే సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకునేవాళ్లు బానెట్ ఎత్తకముందే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ప్రకటనను నింపాదిగా రెండుసార్లు చదవడం. అక్షరదోషాలను పట్టించుకోవద్దు. తప్పులతడకగా రాసినవాళ్ల దగ్గరా చక్కటి కార్లుంటాయి. నున్నగా, తడుముకోకుండా రాసేది చాలాసార్లు అమ్మకాల్లో ఆరితేరినవాళ్లే. పట్టుకోవాల్సింది ఒక్కటే: ఈ మనిషి ఈ కారును నిజంగా కొన్నేళ్లు వాడాడా, లేదా? వాడినవాడి దగ్గర వివరాలుంటాయి.

సమస్య: అన్నీ పొగడ్తలే, వివరం ఒక్కటీ లేదు

"షోరూమ్ కండిషన్, సూపర్ పికప్, ఖర్చేమీ లేదు, చూస్తే వదలరు." ఇలాంటి ప్రకటన ఏ కారు కింద పెట్టినా సరిపోతుంది. కారణం మూడింట్లో ఏదో ఒకటి: సర్వీస్ రికార్డు లేదు, లేదా ఉన్నా చూపించేలా లేదు, లేదంటే ఓనర్‌కు రాయడానికి బద్ధకం. మూడోది తప్పేమీ కాదు, అందుకే అక్కడితో వదిలేయకుండా మెసేజ్ పెట్టి అడగండి. చివరి సర్వీస్ ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేయించారు? టైర్లు ఏ సంవత్సరానివి? ఇంజన్ లోపల పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ మార్పించారా?

టైరు పక్కభాగం మీద ముద్రించి ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు ఫోటో తీసి పంపమనండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. "కొత్త టైర్లు" అని రాసిన ఓనర్ ఈ ఫోటో పంపడానికి తాత్సారం చేస్తున్నాడంటే విషయం తెలిసిపోతుంది. టైమింగ్ బెల్ట్ సంగతి ఇంకా ముఖ్యం. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి, ఇంజన్ విప్పాల్సిందే. "మా కారుకు బెల్ట్ ఉండదండీ, చైన్" అని ఓనర్ మిమ్మల్నే సరిదిద్దాడనుకోండి, సంతోషించండి. మాన్యువల్‌లో సరిచూసుకుంటే చాలు.

సమస్య: "ఏసీలో గ్యాస్ నింపితే చాలు"

నాకు అన్నిటికంటే అనుమానం కలిగించే వాక్యం ఇదే. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న వ్యవస్థలో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద కాస్త తగ్గొచ్చు గానీ, చల్లదనమే రానంతగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు. పైపు కావచ్చు, కండెన్సర్ కావచ్చు, కంప్రెసర్ సీల్ కావచ్చు. ఒక్కోసారి గ్యాస్ నిండుగానే ఉండి కంప్రెసరే పోయి ఉంటుంది. నిజంగా గ్యాస్‌తో పోయేదైతే అమ్మే ముందు తనే నింపించి, "ఏసీ చిల్లింగ్" అని రాసి ఇంకాస్త ధర చెప్పేవాడు కదా!

"సెన్సార్ ప్రాబ్లమ్ మాత్రమే", "చిన్న ఆయిల్ లీక్, పెద్ద విషయం కాదు" కూడా ఈ కోవలోవే. పరిష్కారం మొహమాటం లేకుండా చేయాలి: "మీరే బాగు చేయించి పెట్టండి, ఆ తర్వాత వచ్చి చూస్తా" అనండి. కుదరదంటే, అసలు భాగమే మార్చాల్సి వస్తుందని లెక్కేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. సెన్సార్ అన్నచోట మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి, కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లను అది చదువుతుంది. ఆ కోడ్‌లు ఈమధ్యే చెరిపేసి ఉంటే లోపలి స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని అదే చూపిస్తుంది. తాళం తిప్పగానే ఇంజన్ లైటు వెలిగి, స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటైనా పోయి ఉండాలి, ఎవరో దాని నోరైనా కట్టేసి ఉండాలి.

సమస్య: "నా కారు" అనే మాటే కనిపించదు

"ఫ్రెండ్ కారు", "తెలిసినవాళ్ల కోసం పెడుతున్నా" అంటారు. లేదా ఎవరిదో చెప్పకుండానే మాటలు సాగుతాయి. ఓనర్ వేషంలో ఉన్న వ్యాపారి కావచ్చు. చాలా దేశాల్లో వ్యాపారి దగ్గర కొన్నవాళ్లకు ఉండే చట్టపరమైన రక్షణ, వ్యక్తి దగ్గర కొన్నవాళ్లకు అంతగా ఉండదు. ఆ బాధ్యత తప్పించుకోవడానికే ఈ వేషం.

ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పకుండా, "కారు ఇంకా ఉందా అండీ?" అని మాత్రం అడగండి. "ఏ కారు?" అని ఎదురు ప్రశ్న వస్తే అటువైపు ఒకటికి మించి ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, ఎదురుగా ఉన్న మనిషి గుర్తింపు కార్డు మీది పేరు ఒకటేనా చూడండి. కారును రోడ్డు మీదో పార్కింగ్‌లోనో కాకుండా వాళ్ల ఇంటి దగ్గర చూస్తానని చెప్పండి. తండ్రి కారును కొడుకు అమ్మడం లాంటివి మామూలే. అలాంటప్పుడు కాగితాలు, అసలు ఓనర్ సంతకం ఎలాగూ ఉంటాయి.

సమస్య: ధర మరీ తక్కువ, తొందర మరీ ఎక్కువ

ఓనర్ విదేశంలో ఉన్నాడు, కారు పంపిస్తాడు, ముందు అడ్వాన్స్ వేయాలి. దీనికి పరిష్కారం వెతకొద్దు. ఫోన్ పెట్టేయండి.

సమస్య: ఫోటోల్లో ఏదో దాస్తున్నట్టుంది

తడి బాడీ మీద డెంట్లు, రంగు తేడాలు కనపడవు. ఒకే వైపు నుంచి ఆరు ఫోటోలుంటే రెండో వైపు ఎండలో తీసి పంపమనండి. ఛాసిస్ నంబర్ కూడా అడగండి. ఇప్పటి కార్లలో ఎక్కువ చోట్ల అది 17 అంకెలు, అక్షరాలతో ఉంటుంది, అందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అవి కనిపిస్తే టైపింగ్ పొరపాటైనా కావాలి, కల్పితమైనా కావాలి. కారు మీద ఆ ఛాసిస్ నంబర్ ఉన్నచోటు ఫోటో అడిగితే ఏదో తేలిపోతుంది.

సమస్య: రెండే వాక్యాలు, లేదా లోపాల చిట్టా

"కారు అమ్మబడును. బాగుంది." ఇలా రాసినవాళ్లను చాలామంది దాటేస్తారు. నేనైతే ఫోన్ చేస్తాను. అమ్మడం చేతకాని ఓనర్లు తరచూ ఇలాగే రాస్తారు, పోటీ కూడా తక్కువ ఉంటుంది.

దీనికి పూర్తిగా అటు చివర మరో రకం: "వెనక ఎడమ తలుపు కింద గీత ఉంది. పొద్దున్నే సెకండ్ గేర్ కాస్త బిగుసుకుంటుంది, వేడెక్కాక మామూలే. బ్యాటరీ రెండేళ్లది." ఇది భయపడాల్సిన ప్రకటనలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అన్నిట్లోకీ ఇదే మంచిది. అంత చిన్న సంగతి తెలియాలంటే రోజూ నడిపి ఉండాలి. అలాగని పరీక్ష మానొద్దు. గేర్‌బాక్స్ ఆయిల్ వల్లనా, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో అరిగిందా అన్నది మెకానిక్‌తో చూపించుకోవాలి. ఇలాంటి లోపాలు చల్లటి ఇంజన్‌లోనే బయటపడతాయి కాబట్టి, వెళ్లేరోజు ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పూర్తిగా చల్లారేదాకా ఆగి, అప్పుడు తాళం తిప్పమనండి. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం లోపలికి పోయి కాలుతోందేమో మెకానిక్‌కు చూపించాలి.