కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టే ముందు

గుంటూరు కొత్తపేటలో డాక్టరుగారికి చూపించుకుని, మందులు కొనుక్కుని ఇంటికొచ్చారా? మొదటి మాత్ర వేసుకునే ముందు ఇవి చూసుకోండి.

- స్ట్రిప్ మీద పేరు చదవండి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ముఖ్యంగా చెడు కొలెస్ట్రాల్‌కి, ఫెనోఫైబ్రేట్ ట్రైగ్లిజరైడ్లకి (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు). రెండూ కలిపిన మాత్రలూ వస్తాయి. పాత స్ట్రిప్ ఇంట్లో ఉందని అదీ ఇదీ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. రెండు స్ట్రిప్పులూ పట్టుకెళ్లి అడగండి.

- లివర్, కిడ్నీ, థైరాయిడ్ జబ్బులుంటే ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుని అడగందే వేసుకోకూడదు.

- జలుబు, దగ్గు అంటూ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకునే అలవాటు మనకి ఎక్కువ. క్లారిత్రోమైసిన్‌కి అటోర్వాస్టాటిన్‌తో పడదు, కండరాలు దెబ్బతినొచ్చు.

- ఏ పనీ చేయకుండానే తొడలు, పిక్కలు నొప్పెడుతున్నాయా? వెంటనే డాక్టరుకి చెప్పండి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే మాత్ర ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

- ఫెనోఫైబ్రేట్ మామూలుగా అన్నం తిన్నాకే.

- ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

- మాత్ర ఉంది కదా అని రోజూ మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగితే ఎలా? మద్యం తాగితే ట్రైగ్లిజరైడ్లు మళ్లీ పెరుగుతాయి.

- రిపోర్టు నార్మల్ వచ్చిందని మానేయకండి. తగ్గింది ఆ మాత్ర వల్లే.