విడి గంధం నూనె కొనే ముందు జాగ్రత్తలు

నల్లగొండ, పాలమూరులో సీసాలు నింపి అత్తరు అమ్మేవాళ్లు హైదరాబాద్ నుంచి సరుకు తెచ్చే ముందు:

• సీలు, బ్యాచ్ నంబరు చూడండి. ఆ బ్యాచ్‌దే పరీక్ష పత్రం అడగండి. లేబుల్ అంచున పాత జిగురు గోటికి తగిలితే ఆ డబ్బా వదిలేయండి.

• ముందు 10 మి.లీ.లే కొనండి. గాజు సిరంజితో కొలిచి, 0.01 గ్రాముల కాటా మీద తూచండి. అసలు గంధం నూనె దాదాపు 9.7–9.8 గ్రాములు తూగుతుంది. 10 దాటితే డీఈపీ (డైఇథైల్ థాలేట్ అనే బరువైన ద్రావకం) కలిపి ఉండొచ్చు, 9.3కు దిగితే లిక్విడ్ పారఫిన్ (తేలికైన మినరల్ ఆయిల్). రెండూ కలిపి తూకం సరిచేసే మోసమూ ఉంది, కాబట్టి కాటా ఒక్కదాన్నే నమ్మకండి. ఊద్, గులాబీ మిశ్రమాలకు ఈ లెక్క పనికిరాదు.

• పేపరు పట్టీ మీద ఒక చుక్క. మర్నాటికీ గంధం వాసన నిలవాలి.

• ఒంటికి రాసేదైతే ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ ద్రవ్యాల సంఘం) ప్రమాణాల పత్రం తప్పకుండా అడగండి.

• ప్రతి బ్యాచ్ నుంచి 5 మి.లీ. ముదురు రంగు సీసాలో, తేదీ రాసి దాచండి. రేపు గొడవొస్తే చూపడానికి ఇదే ఆధారం.